మిరపపండు ఎరుపు - దాని జన్యుమూలము

దక్షిణదేశము మిరపకు పుట్టినిల్లు కాదు, మెట్టినిల్లు. అమెరికా ఖండమున పుట్టిన ఈ మొక్క 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుల ఓడలలో భారతదేశపు పడమటి తీరమునకు చేరినది. అంతకు పూర్వము వంటలోని కారమునకు మిరియమే ముఖ్యమైన ఆధారము. కావుననే క్రొత్తగా వచ్చిన కాయను పలు భాషలు మిరియము పేరుతోనే పిలిచినవి. తెలుగున మిరియమునకు మిరపకు గల పోలిక స్పష్టము. అరవమున మిళగు నుండి మిళగాయ్, కన్నడమున మెణసు నుండి మెణసినకాయి, మరాఠీలో మిరీ నుండి మిర్చీ ఏర్పడినవి. తెలుగువారు తరతరములుగా స్థిరపడిన ఈ ప్రాంతములన్నిట ఈ పరదేశపు కాయ లేని వంట నేడు అరుదు.

పేరు రుచిని బట్టి వచ్చినను, అంగడిలో ధర పలుచోట్ల రంగును బట్టియే నిర్ణయమగుచున్నది. కర్ణాటకములోని హావేరి జిల్లాయందలి బ్యాడగి మిరపకు ప్రఖ్యాతి వచ్చినది దాని ముదురు ఎరుపు వలననే. బళ్లారి, రాయచూరు, కర్నూలు ప్రాంతముల రైతులు పండించిన కాయ సైతము ఆ అంగడికి చేరుచుండును. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరపయు కారము తక్కువై, రంగు హెచ్చైన జాతియే. ఎండుమిరప నుండి తీసిన రంగును ఆహారపదార్థములలోను, పెదవులకు పూయు రంగులలోను, కోళ్లమేతలోను వాడుచున్నారు. కావున పండు ఎట్లు ఎరుపెక్కునను ప్రశ్న శాస్త్రజ్ఞులకే పరిమితమైనది కాదు. విత్తనము దాచుకొను రైతునకును, కారము కొనుక్కొను గృహిణికిని సంబంధించినది.

ఎరుపులు రెండు విధములు

ప్రకృతిలోని పండ్ల ఎరుపునంతటిని ఒకే పదార్థముగా భావించుట పొరపాటు. ఈ భేదమును వంటయింటిలోనే గమనింపవచ్చును. ఆవకాయలో నూనె కొలదిదినములకే ఎర్రబడును. తాలింపులో వేసిన ఎండుమిరప రంగు నూనెకే పట్టును. అదే కారపుపొడిని నీటిలో వేసినచో పొడి నీటిలో తేలియాడి మెల్లగా దిగునే గాని, దాని రంగు నీటిలో కరగదు. దీనికి భిన్నముగా నేరేడుపండు రసము, నల్లద్రాక్ష తోలులోని రంగు నీటిలో సులభముగ కలియును.

నీట కరగు ఎరుపు, ఊదా రంగులు ముఖ్యముగ ఆంథోసయనిన్లు అను వర్ణద్రవ్యముల వలన కలుగును. ఇవి కణములోని నీటితిత్తిలో నిలువయుండును. నూనెలో కరగు ఎరుపు, నారింజ, పసుపు రంగులు కెరోటినాయిడులను మరియొక కుటుంబమునకు చెందినవి. టమాటా, పుచ్చకాయ, మిరప ఈ రెండవ కోవలోనివి. ఆపిలు, ద్రాక్ష, దానిమ్మ మొదటి కోవలోనివి. రెండింటిని పుట్టించు జన్యువులును, వాని మార్గములును వేరు. మిరప మొక్కలలోనే కొన్నింటి కాయలు పిందెదశలో ఊదారంగు కలిగియుండును. ఆ ఊదా ఆంథోసయనిన్ వలన కలిగినది. కాయ పండునప్పుడు అది తొలగిపోయి కెరోటినాయిడుల ఎరుపు పైకి వచ్చును.

ఆకుపచ్చ నుండి ఎరుపునకు

పచ్చిమిరపకాయ ఆకువలెనే పచ్చగానుండుటకు కారణము దానియందలి పత్రహరితము. ఈ పత్రహరితము కణములలోని హరితరేణువులలో ఇమిడియుండును. కాయ పండునప్పుడు రెండు పనులు దాదాపు ఒకే కాలమున జరుగును. పత్రహరితము విచ్ఛిన్నమై తొలగిపోవును. హరితరేణువులు రూపము మార్చుకొని వర్ణరేణువులై కెరోటినాయిడులను కూడబెట్టుకొనును. పచ్చదనము పోవుట ఒక పని, ఎరుపు వచ్చుట మరియొక పని. ఈ రెండును వేర్వేరు జన్యువుల ఆధీనమున నున్నవనుటకు ఒక చక్కని నిదర్శనము కలదు. కొన్ని మిరపజాతులలో పత్రహరితమును తొలగించు వ్యవస్థకు చెందిన జన్యువు చెడిపోయినది. వానిలో ఎరుపు యథావిధిగా పుట్టును, పచ్చదనము పోదు. రెండును కలిసి పండు గోధుమవర్ణముగా కానవచ్చును. వన్నెకెక్కిన ఆ చాక్లెటు రంగు ఎరుపు, పచ్చల మిశ్రమమే.

ఎరుపు పుట్టు మార్గము ఒక మెట్లవరుస వంటిది. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క ఎంజైము పనిచేయును. ఒక్కొక్క ఎంజైమును నిర్మించు ఆదేశము ఒక్కొక్క జన్యువులో నుండును. మొదట 20 కర్బన పరమాణువులు గల రెండు అణువులు కలిసి 40 కర్బనములు గల ఫైటోయిన్ అను పదార్థమగును. దీనికి రంగు లేదు. తరువాత దానినుండి ఉదజని పరమాణువులు క్రమముగా తొలగి, ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధముల గొలుసు పొడుగగును. ఈ గొలుసు పొడవైన కొలది అణువు వెలుగులోని నీలి, ఆకుపచ్చ కిరణములను గ్రహించుకొనును. మిగిలిన ఎరుపు కంటికి చేరును. ఆ విధముగ ఏర్పడు లైకోపిన్ ఎర్రనిది. టమాటా, పుచ్చకాయ ముఖ్యముగ ఈ మెట్టుననే ఆగిపోవుటచే వానికి ఆ ఎరుపు కలిగినది.

మిరప అక్కడ ఆగదు. లైకోపిన్ కొనలు వలయములుగ ముడిపడి బీటా-కెరోటిన్ అగును. క్యారెట్టుకు నారింజవన్నె నిచ్చునది ఇదియే. దానికి ప్రాణవాయు పరమాణువులు చేరగా జియాజాంథిన్, అటుపిమ్మట ఆంథెరాజాంథిన్, వయొలాజాంథిన్ అను పసుపుపచ్చని పదార్థములు వరుసగ ఏర్పడును. అనగా టమాటాలో సాధించిన ఎరుపును మిరప ఒకమారు పోగొట్టుకొని పసుపునకు దిగును. పిమ్మట కట్టకడపటి మెట్టున ఆంథెరాజాంథిన్‌ను కాప్సాంథిన్‌గాను, వయొలాజాంథిన్‌ను కాప్సోరుబిన్‌గాను మార్చివేయును. ఈ రెండును ముదురు ఎరుపు పదార్థములు. మిరపకు ప్రత్యేకమైన ఎరుపు వీనిదే. వీనిలో కాప్సాంథిన్‌ది పెద్దపాలు.

మూడు జన్యువుల కథ

ఈ కడపటి మెట్టును నడుపు ఎంజైముకు కాప్సాంథిన్-కాప్సోరుబిన్ సింథేజు అని పేరు. దాని జన్యువును 1994లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు మిరప నుండి వేరుచేసి పరిశీలించిరి. 1998లో ఈ జన్యువునకును, పండు ఎరుపో పసుపో నిర్ణయించుచున్నదని ముందే తెలిసిన వంశకారకమునకును గల సంబంధము వెల్లడియైనది. పసుపుగా పండు కొన్ని మిరపలలో ఈ జన్యువు చాలవరకు లోపించియున్నది. మరికొన్నింటిలో జన్యువున్నను అందలి ఆదేశము నడుమ తెగి, ఎంజైము సంపూర్ణముగ తయారుకాదు. అట్టి మొక్క కడపటి మెట్టు ఎక్కలేక పసుపువద్దనే నిలిచిపోవును. అనగా పసుపుమిరపలో పసుపును పుట్టించు ప్రత్యేక జన్యువేదియు లేదు. ఎరుపునకు దారి మూసికొనిపోయినది.

ప్రతి మొక్కకును ఒక్కొక్క జన్యువు రెండు ప్రతులుగా సంక్రమించును; ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. మిరపలో ఇట్టి క్రోమోజోములు 12 జతలు కలవు. రెండు ప్రతులలో ఒక్కటి సరిగానున్నను కావలసినంత ఎంజైము తయారగును, పండు ఎర్రబడును. కావున ఎరుపు బహిర్గత లక్షణము, పసుపు అంతర్గత లక్షణము. శుద్ధమైన ఎర్రమిరపను శుద్ధమైన పసుపుమిరపతో సంకరము చేసినచో మొదటితరమున అన్నియు ఎర్రని పండ్లే కాచును. ఆ మొక్కలను తమలో తాము ఫలింపనిచ్చినచో రెండవతరమున సగటున మూడు ఎర్రని మొక్కలకు ఒకటి పసుపుది కానవచ్చును. బఠాణీ మొక్కలపై పరిశోధించి మెండెల్ 1866లో ప్రకటించిన సూత్రమే ఇది.

అయితే మిరపపండ్లలో ఎరుపు, పసుపు మాత్రమే కాక నారింజ, లేతపసుపు, దంతపు తెలుపు వంటి చాయలును కలవు. ఒక్క జన్యువుచే వీని నన్నింటిని వివరించుట సాధ్యము కాదు. 1985లో హుర్టాడో-హెర్నాండెజ్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు ఎర్రమిరపను తెల్లమిరపతో సంకరముచేసి, మూడు జన్యుస్థానములు కలిసి పండు రంగును నిర్ణయించుచున్నవని నిరూపించిరి. మూడు స్థానములలో ఒక్కొక్కదానికి సరియైన స్థితి, చెడిన స్థితి అని రెండేసి అవస్థలున్నచో ఎనిమిది కలయికలగును. రెండవతరమున 64 మొక్కలలో సగటున 27 మూడు స్థానములును సరిగానున్న ఎర్రనివి, మూడును చెడిన తెల్లనిది ఒక్కటి. తక్కిన 36 మొక్కలు నడిమి చాయలను పంచుకొనును.

మూడింటిలో ఒకటి పైన చెప్పిన కడపటి మెట్టు జన్యువు. రెండవది మొదటి మెట్టున ఫైటోయిన్‌ను పుట్టించు జన్యువు. ఇది చెడినచో ముడిసరుకే తగ్గిపోవుటచే రంగు పలుచబడి నారింజ మొదలగు చాయలకు దిగును. టమాటాలోను పండునందు పనిచేయు ఇట్టి జన్యువే చెడినప్పుడు పసుపు టమాటా పుట్టుచున్నది. మూడవది రంగును తయారుచేయునది కాదు; తయారీని అదుపుచేయునది. దాని స్వరూపము ఇటీవలి పరిశోధనలలో తేటపడుచున్నది. 2014లో మిరప జన్యురాశి మొత్తము చదువబడినది. దాని పరిమాణము దాదాపు 350 కోట్ల అక్షరములు. టమాటా జన్యురాశికి ఇంచుమించు నాలుగు రెట్లు. ఈ విస్తారమైన గ్రంథములో జన్యువుల స్థానములను గుర్తించుట ఆనాటినుండి సులభతరమైనది.

ఒకే జాతికి చెందిన ఎర్రమిరపలలోను ముదురు, లేత భేదములుండుటకు ఈ మూడింటితోపాటు మరికొన్ని జన్యువుల స్వల్ప ప్రభావములును, తోలు మందమును, నేల, ఎండ, వేడిమియు కారణములు. జన్యువు నిర్ణయించునది శక్తిని. ఆ శక్తి ఎంతవరకు ఫలించునన్నది సాగును బట్టి యుండును.

ద్రాక్ష, నారింజల నిదర్శనము

ఎరుపును అదుపుచేయు జన్యువులు ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు మొదటి కోవ పండ్లు రెండింటిని చూడదగును. జన్యురాశిలో ఒకచోటినుండి మరియొకచోటికి దుముకు జన్యుఖండములున్నవని మొక్కజొన్నలో కనుగొన్న బార్బరా మెక్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమానము లభించినది. 2004లో జపాను శాస్త్రజ్ఞులు ద్రాక్షలో ఇట్టి ఖండమొకటి రంగును ఆజ్ఞాపించు జన్యువు ముందు వచ్చి చేరుటచే ఆ జన్యువు మూగపోయినదని తెలిపిరి. తెల్లద్రాక్షకు ఇదియొక ముఖ్యకారణము. 2012లో సిసిలీ ద్వీపమున ప్రసిద్ధమైన ఎర్రగుజ్జు నారింజలో దీనికి విపరీతము వెల్లడియైనది. అక్కడ దుముకి వచ్చిన ఖండము అట్టి జన్యువునే మేల్కొలిపి గుజ్జునకు ఎరుపు తెచ్చినది. అదియు చలి సోకినప్పుడే హెచ్చుగా పనిచేయుచున్నది. ఒకే విధమైన సంఘటన ఒకచోట ఎరుపును హరించినది, మరియొకచోట ప్రసాదించినది. దుముకిన ఖండము ఎచ్చట పడినదన్నదానిని బట్టి ఫలము మారినది.

ఎరుపు వేరు, కారము వేరు

ఎర్రనిదెల్ల ఘాటైనదని లోకమున ఒక నమ్మకము. శాస్త్రము దీనిని సమర్థింపదు. కారమునకు మూలము కాప్సైసిన్ అను రంగులేని పదార్థము. అది కాయలోపల విత్తనములు అంటియుండు తెల్లని భాగమున పుట్టును. దానిని పుట్టించుటకు అవసరమైన ముఖ్యజన్యువొకటి 2వ క్రోమోజోముపై కలదు. ఎరుపు కడపటి మెట్టు జన్యువు 6వ క్రోమోజోముపై కలదు. వేర్వేరు క్రోమోజోములపైనున్న జన్యువులు సంతతికి స్వతంత్రముగ పంపిణీయగును. కావున కారము హెచ్చై రంగు తక్కువైన మిరపయు, రంగు హెచ్చై కారము తక్కువైన మిరపయు ఉండుటలో వింత లేదు. బ్యాడగి మిరప ఈ రెండవ దానికి ఉదాహరణము. బాగుగ ఎర్రనైన పులుసు నాలుకను మండింపకపోవచ్చును. లేతరంగు కారము కంట నీరు తెప్పింపవచ్చును.

విత్తనమునందలి రహస్యము

రైతునకు మిక్కిలి ఉపయోగపడు సంగతి విత్తనమునకు సంబంధించినది. మిరప పూవు తనలో తాను ఫలింపగలదు. అయినను తేనెటీగలు మొదలగు కీటకముల వలన పొరుగు మొక్కల పుప్పొడియు తగినంతగా చేరుచుండును. పొరుగున పసుపుమిరప యున్నదనుకొందము. దాని పుప్పొడి శుద్ధమైన ఎర్రమిరప పూవునకు తగిలినను, ఆ కాయ రంగు మారదు. ఏలయన పండు తోలును, కండయు తల్లిమొక్క దేహములోని భాగములు. క్రొత్త కలయిక జరుగునది విత్తనములోని అంకురమున మాత్రమే. కావున ఆ యేడు పండ్లన్నియు ఎర్రగానే యుండును. రైతు నిస్సందేహముగ విత్తనము దాచుకొనును.

రెండవయేడు ఆ సంకర విత్తనములు మొలిచి కాచును. వానిలో సరియైన ప్రతి యొకటి యున్నందున అప్పుడును పండ్లు ఎర్రనివే. దోషము కంటికి కానరాదు. మూడవయేడు వాని సంతతిలో నాలుగింట ఒకటి పసుపుగా తేలును. అప్పుడు రైతు నేలను గాని, ఎరువును గాని, విత్తనమిచ్చిన వానిని గాని నిందించును. నిజమునకు తప్పు జరిగి రెండు పంటలు గడచినవి. ముదురు ఎరుపు జాతి ప్రక్కన లేతయెరుపు జాతియున్నప్పుడును ఇట్టిదే జరుగును; పసుపు వలె స్పష్టముగ కాక, రంగు క్రమముగ పలుచబడుటయే భేదము. తరతరముల దేశవాళీ విత్తనము చెడిపోవు త్రోవలలో ఇది యొకటి.

దీనికి నివారణ రెండు విధములు. మొదటిది దూరము. భారతదేశపు విత్తన ధ్రువీకరణ నిబంధనల ప్రకారము మిరప మూలవిత్తన క్షేత్రమునకు ఇతర మిరపజాతుల నుండి 400 మీటర్లు, ధ్రువీకృత విత్తన క్షేత్రమునకు 200 మీటర్లు ఎడముండవలెను. అంత ఎడము లేని చిన్నరైతు కొన్ని మంచి మొక్కలకు పూవు విచ్చకమునుపే పలుచని వలగుడ్డ కప్పి, కాయ కట్టిన పిదప తీసివేసి, ఆ కాయలనే గుర్తుపెట్టి విత్తనమునకు ఉంచుకొనవచ్చును.

రెండవది సంతతి పరీక్ష. విత్తనమునకు పండ్లను ఏరుట కాదు, మొక్కలను ఏరవలెను. ఒక్కొక్క మొక్క విత్తనమును విడిగా దాచి, మరుసటియేడు విడివిడి సాళ్లుగా నాటవలెను. ఏ సాలులోనైన ఒక్క పసుపుపండు మొక్క కనబడినను ఆ సాలునంతటిని విత్తనమునకు విడిచిపెట్టవలెను. అందలి ఎర్రని మొక్కలలో సగటున మూడింట రెండు దోషమును దాచుకొన్నవే. సాలునకు ఎన్ని మొక్కలుండవలెనన్నచో గణితము సమాధానమిచ్చును. దోషము దాచిన మొక్క సంతతిలో 16 మొక్కలు చూచినప్పుడు ఒక్కటియు పసుపు కానరాకపోవు అవకాశము నూటికి ఒకటి మాత్రమే. కావున 16 మొక్కల సాలంతయు ఎర్రగానున్నచో ఆ విత్తనమును దాదాపుగా నమ్మవచ్చును. అంగడిలో కొన్న సంకర విత్తనపు పంట నుండి విత్తనము దాచుట ఎందుకు తగదో కూడ దీనివలననే తెలియును. మొదటితరపు ఏకరూపత రెండవతరమున చెదరిపోవును.

పుట్టిన రంగు, పూసిన రంగు

పండు సంపాదించిన ఎరుపు కోసిన తరువాత శాశ్వతముగ నిలువదు. వెలుతురు, గాలిలోని ప్రాణవాయువు, వేడిమి కెరోటినాయిడులను క్రమముగ విరుగగొట్టును. అందుచేతనే వర్తకులు ఎండుమిరపను శీతల గిడ్డంగులలో దాచుచున్నారు. ఇంటిలో కారమును గాలి చొరని పాత్రలో, చీకటిచోట ఉంచుట కూడ ఇందులకే. రంగు వెలిసినంతమాత్రమున ఘాటు పోయినదని తలపరాదు.

రంగును బట్టి ధర వచ్చుటచే దురాశయు ప్రవేశించినది. 2003లో ఐరోపా దేశములకు చేరిన కారపు సరుకులలో సూడాన్-1 అను నిషిద్ధమైన రసాయనిక రంగు బయటపడినది. 2005లో బ్రిటనులో ఆ రంగు కలిసిన కారపుపొడి వాడినందున వందలకొలది ఆహారపదార్థములను అంగళ్లనుండి వెనుకకు రప్పించిరి. ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. గాజుపాత్రలోని నీటిపై చిటికెడు కారము చల్లినప్పుడు ఎర్రని చారలు నీటిలోనికి దిగినచో అది మిరప ఎరుపు కాదు. నీట కరగు రంగేదో కలిసినదని గ్రహింపవలెను. కాని ఈ పరీక్షకు ఒక హద్దు కలదు. సూడాన్ రంగు మిరప ఎరుపు వలెనే నూనెలో కరగును, నీట కరగదు. కావున చారలు దిగకున్నంత మాత్రమున కారము స్వచ్ఛమని నిశ్చయింపరాదు. అట్టి దానిని ప్రయోగశాల మాత్రమే పట్టగలదు. పొడిని కొనుటకంటె కాయను కొని, తొడిమ తీసి, ఇంట దంచుకొనుటయో, ఎదుట మర పట్టించుకొనుటయో మేలని పెద్దలు చెప్పుటలో విజ్ఞత కలదు.

తెలుగున కావ్యభాషకు చెందిన కెంపు అను మాట కన్నడమున నిత్యవ్యవహారములో ఎరుపునకు పేరు. బ్యాడగి అంగడిలో కాయను అమ్ము తెలుగు రైతును, కొను కన్నడ వర్తకుడును ఒకే రంగును చూచి ధర మాటలాడుకొందురు. ఆ రంగు ఒక్క ఋతువులో పుట్టినది కాదు. రంగుగల మొక్కనేరి, దాని విత్తనమును కాపాడి, మరుసటి తరమునకు అందించిన సేద్యగాండ్ర శ్రమఫలము. మెండెల్ సూత్రము వారికి తెలియకపోవచ్చును. మంచి మొక్కను గుర్తించు కన్ను వారికి కలదు. ఆ కంటికి కానరాని అంతర్గత దోషమును చూపుటకు నేడు శాస్త్రము తోడైనది. ఈ రెండును కలిసినప్పుడే పెరటిమడిలోనైనను, పెద్దచేనిలోనైనను దేశవాళీ మిరప తన వన్నె చెడక నిలువగలదు.